ఉచిత నిర్బంధ విద్య సర్వీసు: నెట్ సెంటర్ కౌంటర్ నుంచి రివ్యూ, 5కి 3 స్టార్లు

ముందే రేటింగ్ చెప్పేస్తా, 5కి 3. విడివిడిగా అయితే సర్కారు బడిలో అడ్మిషన్‌కి 5, మధ్యాహ్నం అన్నానికి నాలుగున్నర, ప్రైవేట్ స్కూల్లో ఫ్రీ సీటుకి రెండున్నర, అసలు నిర్బంధం అన్న ముక్కకి 1. లెక్కేస్తే మూడుంబావు వస్తుంది, ఆ పావు నేనే కట్ చేశా, ఎందుకనేది కిందకి పోతే తెలుస్తుంది.

ఫోన్లకి రివ్యూలు రాస్తారు, బిర్యానీకి రాస్తారు, ఆఖరికి ఏటీఎం డబ్బాకి కూడా స్టార్లిస్తారు. దేశంలో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చట్టం ప్రకారం ప్రభుత్వం బాకీ ఉన్న సర్వీసు ఒకటుంది, దానికి మాత్రం వాడినోళ్లెవరూ రాయరు. రాసేవాళ్లందరూ పెద్ద స్కూళ్లలో పిల్లల్ని చదివించేవాళ్లు, వాడేవాళ్లకి రాసే తీరిక లేదు. మాది ఆదోనిలో చిన్న నెట్ సెంటర్. జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, రీఛార్జిలు, ఏ స్కీము డబ్బులు పడ్డాయో పడలేదో స్టేటస్ చూసి చెప్పడం, ఇదే పని. ఎండాకాలం మొదలయ్యిందంటే జులై దాకా షాపు నిండా పిల్లల తల్లులే ఉంటారు. మా పాప కూడా ఈ సర్వీసు కస్టమరే, మున్సిపల్ స్కూల్లో చదువుతోంది, కాబట్టి ఊరికే కూర్చుని రాస్తున్నాడు అనుకోవద్దు.

షాపులో ఈ టాపిక్ మీద గొడవ ఎప్పుడూ ఉండేదే. రిటైరైన సార్లు ఒకరిద్దరు పేపర్ చదువుకోవడానికి వచ్చి కూర్చుంటారు, వాళ్ల వాదన ఏంటంటే పంపనోళ్లకి ఫైన్ వేయాలి, రేషన్ కట్ చేయాలి, అప్పుడు దెబ్బకి దారికొస్తారు అని. ఇంకో రకం ఉన్నారు, నా పిల్లలు నా ఇష్టం, బడికి పంపుతానో బర్రెల కాడికి పంపుతానో గవర్నమెంటుకేం పని అంటారు. రెండు రకాలూ నాకు నచ్చరు. తప్పనిసరి చేయాలా వద్దా అంటే చేయాల్సిందే, అందులో డౌటే లేదు, కాకపోతే ఆ ముక్కుతాడు ఎవరికి వేయాలన్న దగ్గరే జనం పప్పులో కాలేస్తున్నారు. చట్టం చదివితే ఆ తాడు ప్రభుత్వం ముక్కుకే ఉంది.

నిజంగా ఉంది, నేను కల్పించి చెప్పట్లేదు. 2009 విద్యా హక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాంట్లో 8వ సెక్షన్ చూడండి, పిల్లల్ని చేర్చుకోవడం, రోజూ వచ్చేలా చూడటం, ఎనిమిదో తరగతి దాకా పూర్తి చేయించడం, మూడూ ప్రభుత్వం బాధ్యతే అని రాసుంది. తల్లిదండ్రుల గురించి 10వ సెక్షన్‌లో ఒక్క వాక్యం, పిల్లల్ని చేర్పించడం మీ విధి అని, చేర్పించకపోతే శిక్ష ఏంటో ఎక్కడా లేదు. శిక్షలున్నది స్కూళ్లకి. డొనేషన్ గుంజితే తీసుకున్నదానికి పది రెట్ల దాకా జరిమానా, అడ్మిషన్‌కి పిల్లాడికి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెడితే మొదటిసారి 25,000 దాకా, మళ్లీ చేస్తే ప్రతిసారీ 50,000 దాకా. మన ఊళ్లలో ఎల్‌కేజీకే ఎంట్రన్స్ టెస్టులని ఫ్లెక్సీలు కట్టే స్కూళ్లున్నాయి, ఆ ఫైన్లు ఎవరైనా కట్టగా నేనైతే చూళ్లేదు, అది వేరే సంగతి.

దీనికి హిస్టరీ కూడా పెద్దదే. బరోడా సంస్థానంలో శాయాజీరావు గైక్వాడ్ 1906కే రాజ్యం మొత్తం నిర్బంధ ప్రాథమిక విద్య పెట్టేశాడు, అక్కడ పంపని తల్లిదండ్రులకి జరిమానాలుండేవి. అది చూసి గోఖలే 1911లో బ్రిటిష్ వాళ్ల కౌన్సిల్లో బిల్లు పెడితే మరుసటి ఏడు 13కి 38 ఓట్లతో పడేశారు. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగంలో 45వ అధికరణలో పదేళ్లలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఇవ్వడానికి ప్రయత్నిస్తాం అని రాసుకున్నాం, అంటే 1960 కల్లా అయిపోవాలి. అది కాలేదు. ఆ తర్వాత 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు హక్కే అని చెప్పిన కేసు ఏదో తెలుసా, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, మన రాష్ట్రం పేరు మీదే ఉంది. అసలు ఆ గొడవ ప్రైవేట్ ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల గురించి, దాంట్లోంచి చిన్నపిల్లల చదువు హక్కు బయటికొచ్చింది. 2002లో రాజ్యాంగ సవరణ చేసి 21ఏ పెట్టారు, చట్టం రావడానికి ఇంకో ఏడేళ్లు. సర్వీసు డెలివరీ టైమ్ మీద కూడా స్టార్లుంటే ఇక్కడే అయిపోయేది కథ.

సరే ఇప్పుడు ఒక్కో కౌంటరూ చూద్దాం.

అడ్మిషన్‌కి ఫుల్ స్టార్లిచ్చానంటే కారణముంది. పోయిన ఎండాకాలం కౌతాళం వైపు నుంచి ఒకమ్మ వచ్చింది, చంకలో చిన్నది, చెయ్యి పట్టుకుని ఆరేళ్ల పిల్లోడు. వాడికి బర్త్ సర్టిఫికెట్ లేదు. యాడ పుట్నాడక్కా అంటే, "గుంటూరు తట్టు మిరపకాయ కోతకి పోయింటిమి అన్నా, ఆడ్నే గుడిసెలో పుట్నాడు, ఆ ఊరి పేరు గూడా సరిగ్గా గుర్తు లేదు" అంది. పుట్టింది ఒక జిల్లాలో, ఇల్లు ఇంకో జిల్లాలో, రిజిస్టర్ ఎక్కడా లేదు. ఇలాంటి పిల్లోన్ని ప్రైవేట్ స్కూలోళ్లు గేటు దాటనివ్వరు. సర్కారు బడి హెచ్ఎం సార్ మాత్రం వయసు తల్లి చెప్పింది రాసుకుని అదే రోజు చేర్చుకున్నాడు, ఎందుకంటే 14వ సెక్షన్ ప్రకారం వయసు ధ్రువీకరణ లేదని ఏ పిల్లాడికీ అడ్మిషన్ కాదనకూడదు. 15వ సెక్షన్ ప్రకారం లేటుగా వచ్చినా కాదనకూడదు. టీసీ లేకపోయినా చేర్చుకోవాలి. పదేళ్లొచ్చినా బడి మొహం చూడని పిల్లోడైతే ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టకుండా వయసుకి తగ్గ క్లాసులో వేసి స్పెషల్ ట్రైనింగ్ ఇవ్వాలి. ఇంత మంచిగా రాసిన సెక్షన్లు నేను ఇంకే స్కీములోనూ చూళ్లేదు, అప్లికేషన్లు నింపేవాడిగా చెప్తున్నా, మిగతా చోట్లంతా కాగితం లేకపోతే మనిషే లేడు.

కాకపోతే చట్టం చేర్చుకున్నా సాఫ్ట్‌వేర్ చేర్చుకోదు. పిల్లోడు బడిలో బెంచీ మీద కూర్చునుంటాడు, ఆన్‌లైన్ రికార్డులో మాత్రం ఉండడు. ఆధార్ ఉండాల, ఉన్నా అయిదేళ్లకి వేలిముద్రలు అప్‌డేట్ చేసుండాల, పేరు స్పెల్లింగ్ కలవాల. ఇంకొకటి డ్రాప్ బాక్స్ అని ఉంటుంది, పాత స్కూలోళ్లు పిల్లోన్ని తీసేసి కొత్త స్కూలోళ్లు ఇంకా తీసుకోకపోతే వాడు ఆ డబ్బాలో ఉంటాడు, వాడి స్టూడెంట్ నంబరు తెలిస్తేనే బయటికొస్తాడు. ఆ నంబరు తల్లికి తెలీదు. బెంగళూరులో బిల్డింగ్ పనికి పోయి అక్కడ కన్నడ బడిలో ఏడాది చదివొచ్చిన పిల్లోళ్ల సంగతైతే ఇంక చెప్పొద్దు. సార్లు పాపం రాత్రి ఫోన్ చేసి అడుగుతుంటారు, ఏమయ్యా వీని నంబరు ఎట్లా పట్టేది అని.

అన్నం. దీని గురించి ఎక్కువ రాయక్కర్లేదు, బాగుంది. గోరుముద్ద అన్నప్పుడూ తిన్నారు, ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరు పెట్టాక కూడా తింటున్నారు, పేరు మారితే పప్పు రుచి మారదు. గుడ్డు, పల్లీ చిక్కీ, రాగి జావ, మా పాపకి ఇంట్లో రాగి జావ అంటే మొహం తిప్పుతుంది, బడిలో తాగుతుందంట. 2001లో సుప్రీంకోర్టు బడిలో వండిన అన్నం పెట్టాల్సిందే అని ఆర్డరేశాక దేశం మొత్తానికి వచ్చిన పద్ధతి ఇది. నన్నడిగితే నిర్బంధ విద్యలో నిజంగా పని చేస్తున్న నిర్బంధం ఇదొక్కటే, పన్నెండున్నరకి గంట కొడితే పిల్లోడు బడిలోనే ఉంటాడు. అర స్టార్ కట్ చేసింది ఎందుకంటే వండే అక్కలకి డబ్బులు నెలల తరబడి ఆగితే షాపులో అప్పు తెచ్చి వండాల్సి వస్తుంది, స్టేటస్ చూడమని వాళ్లూ నా దగ్గరికే వస్తారు.

దీనికి తోడు తల్లి ఖాతాలో వేసే డబ్బులు. 2020లో అమ్మఒడి అని తల్లికి 15,000, ఇప్పుడు తల్లికి వందనం అని పిల్లలెంతమంది ఉంటే అంతమందికీ, 2025 జూన్లో ఒక్కో పిల్లాడికి 13,000 పడింది, మిగతా 2,000 బడి బాగోగులకి అని పట్టుకున్నారు. హాజరు 75 శాతం ఉండాలన్న రూలుంది. బడికి పంపమని ఫైన్ వేసే బదులు పంపితే డబ్బులిచ్చే ఐడియా మంచిదే, బరోడా పద్ధతి కంటే నాకైతే ఇదే నచ్చుతుంది. గొడవల్లా ఏంటంటే, ఇంటి కరెంటు 300 యూనిట్లు దాటితే పేరు కొట్టేస్తారు. మా వీధిలో ఒకే మీటరు మీద మూడు కాపురాలు అద్దెకుంటాయి, ముగ్గురి ఫ్యాన్లూ కలిస్తే ఒకరు షావుకారైపోతారు. ఆ తల్లులకి స్క్రీన్ మీద ఇనెలిజిబుల్ అని చూపించాల్సింది నేను, తిట్లు తినేదీ నేనే.

ఇప్పుడు అందరూ అడిగే కౌంటర్, ప్రైవేట్ స్కూల్లో 25 శాతం ఫ్రీ సీట్లు. చట్టంలో సెక్షన్ పేరుతో 12(1)(సి) అంటారు. 2012లో సుప్రీంకోర్టు ఓకే చెప్పేసింది, మన ఆంధ్రలో మాత్రం హైకోర్టులో నలిగి నలిగి 2022-23 నుంచి మొదలైంది, అంటే చట్టం అమల్లోకి వచ్చిన పన్నెండేళ్లకి. పన్నెండేళ్లంటే ఒకటో క్లాసులో చేరాల్సిన పిల్లోడు ఇంటర్ అయిపోతాడు. సీట్లు ఎట్లా పంచారంటే అనాథలు, హెచ్ఐవి బాధితుల పిల్లలు, దివ్యాంగులకి 5 శాతం, ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, మిగతా పేదోళ్లకి 6. ఆ మిగతావాళ్లకి ఏడాది ఆదాయం పల్లెలో 1,20,000, టౌన్లో 1,44,000 దాటకూడదు. ఒకటో తరగతికే అప్లై చేయాల, ఐదేళ్లు నిండుండాల, ఇంటికి ముందు కిలోమీటరు లోపు స్కూళ్లు చూస్తారు, సీట్లు మిగిలితే మూడు కిలోమీటర్ల దాకా, పోటీ ఉంటే లాటరీ.

అప్లికేషన్ మాత్రం సులువు, నేనే సర్టిఫికెట్ ఇస్తా. అడ్రస్ ప్రూఫ్, పిల్లాడి వయసు ప్రూఫ్, ఫోన్ నంబరు, ఇంతే, కరెంటు పోకపోతే టీ తాగినంతసేపట్లో అయిపోతుంది. లాటరీ కూడా నాకు తెలిసి న్యాయంగానే ఉంది, రికమండేషన్లు పని చేయకపోవడం చూసి ఒక వార్డు లీడర్ నా షాపులోనే నోరెళ్లబెట్టాడు. అసలు సమస్య మెసేజ్ వచ్చాక మొదలవుతుంది. మైనారిటీ స్కూళ్లకి ఈ సీట్లు వర్తించవు, 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ సంగతి తెలీక ఇంటి పక్కనే ఉన్న మంచి స్కూలు లిస్టులో లేదేంటన్నా అని తల్లులు అడుగుతుంటారు. లిస్టులో ఉన్న స్కూళ్లేమో సీటు మెసేజ్ చూపిస్తే రేపు రండి, కరస్పాండెంట్ సార్ ఊళ్లో లేరు, ఇదే పాట.

పేరు చెప్పను గానీ టౌన్లో ఒక స్కూలు. మా వీధిలో ఇడ్లీ బండి పెట్టుకునే అక్క కూతురికి అందులో సీటొచ్చింది, వీధంతా సంబరపడ్డాం. చేరాక పుస్తకాలకి అని ఒక రేటు, యూనిఫామ్‌కి ఒక రేటు, బెల్టు టై బూట్లు, ఆపైన డిజిటల్ ఫీజు, వ్యాన్ ఫీజు, అన్నీ కలిపితే చిన్న స్కూల్లో ఏడాది ఫీజంత అయ్యింది. ఫీజు ఫ్రీనే కదమ్మా, ఫీజు మేం అడగట్లేదుగా అన్నాడంట అక్కడి క్లర్కు, పైగా నవ్వుతూ. చట్టంలో 3వ సెక్షన్ ప్రకారం పిల్లాడు చదువు పూర్తి చేయడానికి అడ్డమయ్యే ఏ ఖర్చూ వసూలు చేయకూడదు. నేను ఆ సెక్షన్ ప్రింట్ తీసి ఇచ్చి పంపా, అక్క దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుని పోయింది, స్కూల్లో చూపించడానికి భయపడి అలాగే తిరిగొచ్చింది. పాపని ఏమన్నా అంటారేమో అన్నా అంది. ఆ భయానికి ఏ పోర్టల్‌లోనూ ఆప్షన్ లేదు.

స్కూలోళ్ల వైపు కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే పాపం. ఈ పిల్లలకి ప్రభుత్వం ఇస్తానన్న ఫీజు 2023లో ఖరారు చేసింది ఎంతంటే టౌన్లో 8,000, పల్లెలో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100, ఏడాదికి. కార్పొరేట్ స్కూలుకి అది ఒక టర్మ్ వ్యాన్ ఖర్చు, సందు చివర రేకుల షెడ్డు స్కూలుకైతే అదే పెద్ద మొత్తం. పైగా ఆ డబ్బు అప్పట్లో తల్లి ఖాతాలో పడే అమ్మఒడిలోంచి కట్టాలని పెట్టారు. పడిన డబ్బు పాత అప్పులకి పోయేది, స్కూలాయన తల్లి వెంట పడేవాడు, తల్లి స్కూలు ముందు రోడ్డు మార్చేది. బకాయిలు రాలేదని మేనేజ్‌మెంట్లు గొడవ చేయడం, సీట్లివ్వకపోతే గుర్తింపు రద్దు చేస్తామని ఆఫీసర్లు నోటీసులివ్వడం, ఏటా జాతరలాగా జరుగుతూనే ఉంది. మధ్యలో బిక్కమొహం వేసుకుని నిలబడేది ఆరేళ్ల పిల్ల.

ఇంకా ఒక తిరకాసు ఉంది, ఇది బయట ఎవరూ మాట్లాడరు. సీటు ఒకటో తరగతికి. ఆ స్కూళ్లలో మిగతా పిల్లలు నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అని మూడేళ్లు ఇంగ్లీషులో నలిగి వచ్చినోళ్లు. అంగన్‌వాడీ నుంచి నేరుగా వచ్చిన పిల్ల మొదటి రోజే వెనక బెంచీ. అందుకే కొందరు తెలివైనోళ్లు అదే స్కూల్లో రెండేళ్లు డబ్బు కట్టి యూకేజీ దాకా చదివించి, ఒకటో క్లాసుకి లాటరీ వేస్తారు. తప్పని అనను, నేనే ఆ అప్లికేషన్లు నింపా. కానీ రెండేళ్లు కట్టగలిగినోళ్లకి ఎక్కువ పనికొచ్చి, అసలు కట్టలేనోళ్లకి తక్కువ పనికొస్తే రెండున్నర కంటే స్టార్లు ఎక్కణ్ణుంచి తేవాలి. అప్పటికీ ఆంధ్ర నయం, తెలంగాణలో మా చుట్టాలు ఈ సీట్ల గురించి ఏళ్లపాటు అడుగుతూనే ఉన్నారు, చట్టం అదే, దేశం అదే.

ఇక నిర్బంధం. ఒక్క స్టార్ దగ్గరికి వచ్చాం.

మా వైపు తెలీనోళ్లకి చెప్తా, సుగ్గి అంటే వలస. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఈ మండలాల్లో వానాధారం పంట అయిపోగానే ఊళ్లకి ఊళ్లు కదులుతాయి. పత్తి తీయడానికి తెలంగాణకి, మిరపకాయ కోతకి గుంటూరు వైపు. సంక్రాంతి చుట్టుపక్కల తెల్లారుజామున మా బైపాస్ మీద నిలబడితే కనపడుతుంది, బొలెరో వెనక గంపలు, వంట సామాను, నీళ్ల డ్రమ్ములు, వాటి మధ్యలో దుప్పటి కప్పుకుని పిల్లలు, ఒకడి మెడలో ఇంకా స్కూలు ఐడీ కార్డు వేలాడుతూ ఉంటుంది. మిరపకాయ కోతకి కిలోల లెక్కన కూలి, పన్నెండేళ్ల పిల్ల చెయ్యి కూడా లెక్కలోకి వస్తుంది, ఇంకా చిన్నదైతే పసిబిడ్డని ఎత్తుకుంటుంది. రెండు మూడు నెలలు. తిరిగొచ్చేసరికి పరీక్షలు దగ్గర పడుంటాయి.

వీళ్లకి ఫైన్ వేస్తామంటారా సార్లూ? ఏం పెట్టి కడతారు, మళ్లీ ఇంకో వారం మిరపకాయలు కోసి కడతారు, ఆ వారం కూడా పిల్లోడు బడి మానతాడు. ఒకాయన్ని అడిగితే చెప్పాడు, "ఇడిసిపెట్టి పోతే ముసిలామె సూస్కోలేదు, ఎంటబెట్టుకోని పోతే బడి పోతాది, ఏం జేయాల నువ్వే చెప్పు అన్నా." నా దగ్గర ఆన్సర్ లేదు, ప్రభుత్వం దగ్గర ఉంది. సమగ్ర శిక్ష అనే బడుల స్కీము కింద సీజనల్ హాస్టళ్లు అని ఉన్నాయి, తల్లిదండ్రులు వలస పోయినన్నాళ్లు పిల్లలు ఊళ్లో బడిలోనే తిని పడుకుని చదువుకునేలా. ఎంత మంచి ఐడియా! ఇదే అసలైన నిర్బంధం అంటే, పిల్లోడు బడిలో ఉండాలంటే ఏం కావాలో అది పెట్టడం. కానీ బొలెరోలు దసరా నుంచే కదులుతాయి, హాస్టల్‌కి శాంక్షన్ వచ్చి, బియ్యం వచ్చి, వార్డెన్ దొరికి, తలుపులు తీసేసరికి సగం ఊరు తాళాలు వేసుకుని పోయుంటుంది. అప్పుడు రిజిస్టర్లో పిల్లలు లేరు కాబట్టి డిమాండ్ లేదని రాస్తారు. వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం గానీ సుగ్గి ఎప్పుడు మొదలవుతుందో కిరాణా కొట్టోడు కూడా చెప్తాడు, ఆఫీసులకి మాత్రం ఏటా కొత్తే. ఆ పావు స్టార్ కట్ అయ్యింది ఇక్కడే.

పేదోళ్లకి చదువు మీద ఆశ లేదు, అందుకే పంపరు అనేవాళ్లకి రంగారెడ్డి జిల్లా చూపిస్తా. 1991 నుంచి అక్కడ శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ పని చేసింది, బడిలో లేని ప్రతి పిల్లాడూ బాల కార్మికుడే అన్న లెక్కతో. పశువుల కాడ ఉన్నా, చెల్లెల్ని ఆడిస్తూ ఇంట్లో ఉన్నా, పత్తి చేల్లో ఉన్నా ఒకటే. పనిలో ఉన్న పిల్లల్ని క్యాంపుల్లో పెట్టి కొన్ని నెలలు చదివించి వయసుకి తగ్గ క్లాసులో వేయడం, దీన్నే బ్రిడ్జి కోర్సు అంటారు, ఇప్పుడు చట్టంలో ఉన్న స్పెషల్ ట్రైనింగ్ సెక్షన్ కూడా ఆ దారిలోదే. వాళ్లు ఎవరికీ ఫైన్లు వేయలేదు. ఊళ్లో కూర్చుని మాట్లాడారు, యజమానులతో గొడవ పడ్డారు, బడిలో సీటుందని నమ్మకం కలిగించారు, కూలి పోగొట్టుకుని మరీ తల్లిదండ్రులు పిల్లల్ని పంపారు. ఆవిడకి 2003లో మెగసెసే అవార్డొచ్చింది, తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి మొదటి చైర్‌పర్సన్ అయ్యారు. అవార్డు కంటే పెద్ద విషయం, తల్లిదండ్రుల మీద కర్ర ఎత్తకుండా ఇది అవుతుందని మన తెలుగు నేల మీదే చేసి చూపించారు.

నా పిల్లలు నా ఇష్టం అనేవాళ్లలో మాత్రం ఒక్క రకానికి నేను గట్టిగా జవాబు చెప్పలేను. ఒక తండ్రి, హమాలీ, పత్తి మార్కెట్లో పని. కొడుకు ఎనిమిదో తరగతి. నా షాపులో ఫారం ఇచ్చి పేరు రాయమంటే పిల్లోడు ఇంగ్లీషులో ఇంటి పేరు రాసి ఆగిపోయాడు, సరే తెలుగులో రాయి అంటే వత్తులు తప్పులు. తండ్రి నా వైపు చూసి, "ఎనిమిదేండ్లు పంపితి గదప్పా, నేను నా మాట మీద నిలబడితి" అన్నాడు. ఆయన తన డ్యూటీ చేశాడు, అవతలోళ్లు చేయలేదు. అరవై మంది లోపు పిల్లలున్నా కనీసం ఇద్దరు టీచర్లుండాలని చట్టం షెడ్యూల్లోనే ఉంది. మా చుట్టుపక్కల ఒకే టీచరు అయిదు క్లాసులు చెప్పే బళ్లున్నాయి, ఆ టీచరు కూడా సగం టైము యాప్‌లో ఫొటోలు ఎక్కిస్తుంటాడు. మధ్యలో 117 జీవో అని 3, 4, 5 క్లాసుల్ని హైస్కూళ్లలో కలిపారు, చిన్నపిల్లలు రోడ్డు దాటి పోలేక కొందరు మానేశారు, 2025లో దాన్ని వెనక్కి తీసుకున్నారు, మానేసినోళ్లని ఎవరు వెనక్కి తెచ్చారో తెలీదు.

ఇంకో కంప్లైంట్ ఏంటంటే వారంటీ పద్నాలుగేళ్లకే అయిపోతుంది. మన ఊళ్లలో ఆడపిల్లకి అసలు గండం మొదలయ్యేదే అప్పుడు. ఎనిమిదో తరగతి అయ్యాక హైస్కూలు దూరమైతే ఇంట్లో కూర్చోబెట్టడం, పదో తరగతి ఫెయిలైతే సంబంధాలు చూడటం. ప్రైవేట్ ఫ్రీ సీటు కూడా ఎనిమిది దాకే, తొమ్మిదికి పూర్తి ఫీజు కట్టమంటారు. 2016లో బాల కార్మిక చట్టం మార్చి పద్నాలుగు లోపు పనిలో పెట్టకూడదన్నారు, మంచిదే, ఇంటి పనీ కుటుంబ వ్యాపారమూ బడి అయ్యాక చేయొచ్చు అని ఒక సందు వదిలారు, పద్నాలుగు దాటితే ప్రమాదకరం కాని పనులన్నీ ఓకే. అంటే పద్నాలుగో పుట్టినరోజు నాడు బడి తాడూ తెగుతుంది, పని తలుపూ తెరుచుకుంటుంది. కస్తూర్బా స్కూళ్లు, అంటే ఆడపిల్లలకి సర్కారు పెట్టిన హాస్టల్ బళ్లు, ఇంటర్ దాకా పెంచారు గాబట్టి కొంతమంది ఆడపిల్లలు గట్టెక్కుతున్నారు, నా లిస్టులో కస్తూర్బాకి విడిగా 4 స్టార్లు, సీట్లు చాలకపోవడం ఒకటే లోటు. పద్దెనిమిది దాకా పెంచాలని నా ఓటు, కానీ ముందు ఉన్నది సరిగ్గా ఇవ్వండి సామీ.

వాడాలనుకునేవాళ్లకి కొన్ని చెప్పి ముగిస్తా. సర్కారు బడిలో కాగితాలు లేవని వెనక్కి పంపితే నోటిమాటతో రాకండి, చేర్చుకోం అని రాసివ్వమనండి, నూటికి తొంభైమంది రాసివ్వరు, చేర్చుకుంటారు. ప్రైవేట్ ఫ్రీ సీటుకి అప్లై చేసేటప్పుడు ఇంటికి దగ్గరున్న స్కూలు ఏదో ముందే నడిచి చూసుకోండి, పేరు పెద్దదని దూరంది పెట్టుకుంటే వ్యాన్ ఫీజు మీ మీదే పడుతుంది. అదనంగా డబ్బులు అడిగితే రసీదు అడగండి, ఫిర్యాదు ఎంఈఓ గారికి, అంటే మండల విద్యాధికారికి, కాగితం మీద ఇచ్చి ఒక కాపీ మీద స్టాంపు వేయించుకోండి, అక్కడ పని కాకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ ఉంది. సుగ్గికి పోయేవాళ్లయితే దసరా ముందే హెచ్ఎంకి అందరూ కలిసి అర్జీ పెట్టండి, హాస్టల్ కావాల్సిన పిల్లల పేర్లు రాసిచ్చి, పేర్లుంటే డిమాండ్ లేదని రాయలేరు. అర్జీ నేను ఫ్రీగా టైపు చేసిస్తా, జిరాక్సుకి మాత్రం రెండు రూపాయలు. ఆధార్‌కి లింకైన ఫోన్ వెంట తెచ్చుకోండి, ఇంటాయన జేబులో పెట్టి పనికి పంపేసి రావద్దు, ఓటీపీ దానికే వస్తుంది.